దండం పెట్టినాయన్ని ఏమడగాలి?

2024 మార్చి 24, మ్రానికొమ్మల ఆదివారం. పూజ అయ్యాక జనం కొబ్బరాకులు పట్టుకుని గుడి బయటికి వస్తున్నారు. గేటు పక్కన వేపచెట్టు నీడలో ఒక అభ్యర్థి నిలబడి ఉన్నాడు. పార్టీ కండువా తీసి, మడిచి చేత్తో పట్టుకున్నాడు. వచ్చిన ప్రతివారికీ వంగి దండం పెట్టాడు. "మా అమ్మమ్మ ఏటా గుణదల మాత తిరునాళ్లకి వెళ్ళేదమ్మా, నేనూ మీవాడినే" అన్నాడు. పిల్లలు ఆకులతో అల్లుకున్న శిలువల్ని చూసి మెచ్చుకున్నాడు. పది నిమిషాల్లో కారెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను. మా ఇంట్లో ఆరు ఓట్లున్నాయి. "పొద్దున వచ్చినాయన ఏ విషయంలో ఏమంటాడో ఎవరికైనా తెలుసా?" ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మా చిన్నమ్మ, "దండం మాత్రం మనసారా పెట్టాడురా" అంది. నిజమే, మనసారానే పెట్టాడు. కానీ ఆయన గెలిస్తే ఏం చేస్తాడో, ఏం చెయ్యడో మా ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. చిన్నమ్మకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో ఒక్క ఎన్నిక కూడా మానలేదు. ఆ రోజు నాకు చాలా బాధనిపించింది.

ఎవరికి వెయ్యాలో మనకు చెప్పేవాళ్ళకు కొదవలేదు. కులపెద్ద చెబుతాడు, వీధిలో పార్టీ మనిషి చెబుతాడు, వాట్సాప్ చెబుతుంది, పోలింగు ముందురోజు రాత్రి కవరు వచ్చి చెబుతుంది. ఫలానా విషయంలో ఫలానా అభ్యర్థి ఏమన్నాడు, ఏం చేశాడు అంటే మాత్రం ఈ చెప్పేవాళ్ళంతా మాట మారుస్తారు. అది మనమే తెలుసుకోవాలి. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఒక ఫోను, మొహమాటం లేకుండా అడిగే నోరు ఉంటే చాలు.

ఫాదరుగారు పేరు చెప్పరు

ఎన్నికలొస్తే విచారణలో ముందుగా వినిపించే ప్రశ్న, "ఫాదరుగారు ఎవరికి వెయ్యమన్నారు?" ఆయన చెప్పకపోతే కొందరికి కోపం, చెబితే మరికొందరికి కోపం. ఆయన చెప్పకూడదు. అది భయం వల్ల కాదు, ఆయన స్థానం అటువంటిది. గురువులు మామూలుగా పార్టీ రాజకీయాల్లో చురుకైన పాత్ర తీసుకోకూడదని తిరుసభ చట్టం 287వ నియమం చెబుతుంది. దేశ చట్టమూ ఊరుకోదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి గానీ, ఆయన సమ్మతితో మరొకరు గానీ మతం పేరు మీద ఓటు అడిగితే అది అవినీతికర చర్య. ఆ గెలుపే చెల్లకుండా పోవచ్చు. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, నలుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపుగా, ఈ సెక్షన్‌కు మరింత విస్తృతమైన అర్థం చెప్పింది. అభ్యర్థి తన మతం చూపి అడిగినా తప్పే, ఓటరు మతం చూపి అడిగినా తప్పే. గేటు దగ్గర "నేనూ మీవాడినే" అన్న మాట ఆ గీతకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. గుళ్ళు, మసీదులు, చర్చిలు ప్రచార వేదికలు కాకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా అంటోంది.

2024 సెప్టెంబరులో సింగపూరు నుంచి తిరిగివెళ్తున్న విమానంలో పోప్ ఫ్రాన్సిస్‌ను విలేకరులు అమెరికా ఎన్నికల గురించి అడిగారు. గర్భస్రావం, వలస వచ్చినవారిని గెంటెయ్యడం, రెండూ జీవానికి విరుద్ధమేనన్నారు. ఓటు మాత్రం వెయ్యాలన్నారు. రెండు చెడుల్లో చిన్నది ఏదో ఎవరి మనస్సాక్షిలో వారు ఆలోచించుకుని తేల్చుకోవాలన్నారు. అక్కడి ఇద్దరు అభ్యర్థుల్లో ఒక్కరి పేరు కూడా ఆయన నోటి నుంచి రాలేదు. జగద్గురువులే చెప్పని పేరును మన విచారణ గురువుల నోట వినాలనుకోవడం న్యాయం కాదు.

కాబట్టి పని రెండుగా పంచుకోవాలి. ఏది ధర్మమో, ఏది కాదో నేర్పి మనస్సాక్షిని తీర్చిదిద్దడం గురువుల పని. ఎవరు ఏమన్నారో, ఏం చేశారో వెతికి తెలుసుకోవడం మన పని. ఓటు వెయ్యడం నైతిక బాధ్యత అని సత్యోపదేశ గ్రంథం 2240వ పేరాలో ఉంది. తెలియకుండా వేస్తే ఆ బాధ్యత సగమే తీరినట్టు అని నేను నమ్ముతాను.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి కతోలికుల ఓటరు కరపత్రాలు పంపిస్తుంటారు. అక్కడి పీఠాధిపతులు 2007 నుంచి మనస్సాక్షిని తీర్చిదిద్దుకోవడం గురించి ఒక పెద్ద పత్రాన్ని ఎన్నికల ముందు సవరించి ప్రచురిస్తున్నారు. అందులోనూ ఏ అభ్యర్థి పేరూ ఉండదు. చదవండి, మంచిదే. కానీ ఆ కరపత్రాల్లో పార్టీని బట్టి అభ్యర్థిని అంచనా వేసే పద్ధతి మన దగ్గర పనిచెయ్యదు. ఇక్కడ నామినేషన్ల వారంలో కండువా మారుతుంది. మనిషిని బట్టే చూడాలి.

ప్రమాణం చేసి ఇచ్చిన కాగితం

మొదట చూడాల్సింది ఫారం 26. నామినేషనుతో పాటు ప్రతి అభ్యర్థీ ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్ ఇది. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ఇది మన చేతికొచ్చింది. అంతకుముందు అభ్యర్థి మీద ఏ కేసులున్నాయో మనకు తెలిసే దారే లేదు. ఇప్పుడు రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో నియోజకవర్గం పేరు కొడితే వస్తుంది. అదంతా చదివే ఓపిక లేనివాళ్ళకు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ వాళ్ళ 'మైనేతా' వెబ్‌సైటులో సారాంశం దొరుకుతుంది.

ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి మేం ఇంట్లో కూర్చుని ముగ్గురు అభ్యర్థుల కాగితాలు పైకి చదివాం. చిన్నమ్మ మంచం మీద కూర్చుని జపమాల చేతిలో పెట్టుకుని వింది. ఒకాయన మీద ఏడు కేసులున్నాయి. "ఏడా!" అన్నాడు మా తమ్ముడు, ఇంక ఆయన వద్దన్నట్టు. నేను సెక్షన్లు ఒక్కొక్కటీ చదివాను. ఆరింటిలో 143, 188, 341 సెక్షన్లే కనిపించాయి. అవి గుంపుగా చేరడం, అధికారి ఉత్తర్వు మీరడం, దారి అడ్డగించడం. రోడ్డు మీద ధర్నా చేస్తే సాధారణంగా పెట్టే కేసులివి. ఏడోది 420. చిన్నమ్మ పూసలు తిప్పడం ఆపి, "రోడ్డు మీద కూర్చున్న కేసులు సరేరా, ఆ ఏడోది ఏమిటో కనుక్కో" అంది. అఫిడవిట్ చదవడం అంటే అదీ. కేసుల సంఖ్య చూసి అక్కడే ఆగిపోతే ప్రజల కోసం పోరాడినవాడూ, ప్రజల్ని మోసం చేసినవాడూ ఒకేలా కనిపిస్తారు. కేసు ఉన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు కూడా. శిక్ష పడిందా, అభియోగాలు నమోదయ్యాయా అన్నది వేరే గళ్ళలో ఉంటుంది, అది చూడండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి కొత్త కేసుల్లో నంబర్లు మారాయి. మోసం 420 ఇప్పుడు 318, హత్యాయత్నం 307 ఇప్పుడు 109.

కేసులున్న అభ్యర్థిని పార్టీ ఎందుకు ఎంచుకుందో కారణం ప్రకటించాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గెలుస్తాడు కాబట్టి అన్నది కారణంగా చెల్లదని కూడా స్పష్టం చేసింది. పేపర్లలో చిన్న అక్షరాలతో పడే ఆ ప్రకటన కత్తిరించి నోటుబుక్కులో అంటించండి.

ఆస్తుల గళ్ళు చాలామంది ఆత్రంగా చూస్తారు. ఎంత ఉంది అన్నదానికంటే ఎలా పెరిగింది అన్నది ముఖ్యం. పోయిన ఎన్నికల్లో ఇచ్చిన అఫిడవిట్ పక్కన పెట్టుకుని చూడండి. ఆదాయం ఎక్కడినుంచి అన్న గడిలో 'వ్యవసాయం' అని ఉండి, భూమి అంతే ఉండి, ఆస్తి మాత్రం ఎన్నో రెట్లయితే అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది.

అయితే ఈ కాగితం మనిషి ఎవరో చెబుతుంది, ఏమంటాడో చెప్పదు. దానికి వేరే దారి పట్టాలి.

ఏ పని ఎవరి చేతిలో

మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఎమ్మెల్యేగా నిలబడ్డాయన వచ్చి, "నన్ను గెలిపించండి, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా తెస్తాను" అంటాడు. చప్పట్లు కొడతాం. ఆ పని ఆయన చేతిలో లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. మార్చాలంటే పార్లమెంటు మార్చాలి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మార్చమని సిఫార్సు చేసింది, జరగలేదు. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో హోదా ఇవ్వమని తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. అసెంబ్లీ అంతవరకే చెయ్యగలదు. కాబట్టి ఎమ్మెల్యే అభ్యర్థిని అడగాల్సింది, "తీర్మానం మళ్ళీ వస్తే అనుకూలంగా చెయ్యెత్తుతారా?" అని. ఎంపీ అభ్యర్థిని అడగాల్సింది, "సభలో ఈ ప్రశ్న మీరు వేస్తారా? మీ పార్టీ వద్దంటే ఏం చేస్తారు?" అని.

ఈ ప్రశ్న నలుగురిలో అడగడానికి మన నోరు ఎందుకు పెగలదో నాకు తెలుసు. బాప్తిస్మ రిజిస్టరులో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో ఒక పేరు ఉన్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. మతం బయటపెట్టుకున్నవాళ్ళు బీసీ-సిలో ఒక శాతం రిజర్వేషనులో ఉన్నారు. బయటపెట్టనివాళ్ళు పిల్లల సీటు ఎప్పుడు పోతుందోనన్న భయంతో బతుకుతున్నారు. వాళ్ళని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఆ భయం ఉన్నంతకాలం ఒక్కొక్కరిగా అడగలేం. అందుకే కలిసి, కాగితం మీద అడగాలంటున్నాను.

మిగతావి త్వరగా చూద్దాం. ఎయిడెడ్ పాఠశాలలు, కళాశాలలు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించమన్నప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు, తర్వాత ప్రభుత్వం కొంత వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో మీ ఎమ్మెల్యే ఏం మాట్లాడారో పాత పేపర్లలో దొరుకుతుంది. సిస్టర్ల హాస్టళ్ళకూ వైద్యశాలలకూ విదేశీ విరాళాల నిబంధనలు కేంద్రం చేతిలో ఉన్నాయి, 2020 సవరణతో అవి బాగా బిగుసుకున్నాయి. శ్మశానానికి దారి, గోడ, నీళ్ళు పంచాయతీ, రెవెన్యూ పని. ఎమ్మెల్యే గట్టిగా చెబితే కదులుతుంది. ఎంపీకి స్థానిక అభివృద్ధికి ఏటా 5 కోట్లు ఉంటాయి, అవి ఎక్కడ ఖర్చుపెట్టారో అడగొచ్చు. ఇదివరకే ఎంపీగా చేసినాయనైతే హాజరు, అడిగిన ప్రశ్నలు పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటాయి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మన ప్రశ్నలన్నీ మన గుడి గోడ లోపలే ఆగిపోతే మనం అడుగుతున్నది విశ్వాసులుగా కాదు, ఒక ఓటు బ్యాంకుగా. 2021లో గర్భస్రావ చట్టం సవరించి కొన్ని సందర్భాల్లో గడువు 20 నుంచి 24 వారాలకు పెంచినప్పుడు మన ఎంపీలు ఏమన్నారో మనలో ఎంతమంది కనుక్కున్నాం? 2018లో సత్యోపదేశ గ్రంథంలో మార్పు చేసి, మరణశిక్ష ఏ సందర్భంలోనూ అంగీకారయోగ్యం కాదని తిరుసభ చెప్పింది. అది అభ్యర్థులకు చేరిందా? ఊళ్ళో రొయ్యల చెరువుల ఉప్పునీరు తాగేనీళ్ళ బావిలోకి దిగుతుంటే అది పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' లేఖలో బోధించిన సంగతే, మన చేతిపంపు సంగతే. పక్కవీధి మసీదు మీద రాయి పడిన రోజు ఆ అభ్యర్థి ఎక్కడున్నాడో కూడా మనం అడగాలి. మన శ్మశానం గోడ కంటే ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు.

అడిగే పద్ధతి

"మైనారిటీలకు ఏం చేస్తారు?" అని అడిగితే "అన్నీ చేస్తాం" అంటారు. అది అడగనట్టే లెక్క. అవును, కాదు అనక తప్పని ప్రశ్న అడగాలి. దాంట్లో ఒక పని ఉండాలి, ఒక తేదీ ఉండాలి. "మా శ్మశానానికి హద్దులు కొలిపించి గోడ కట్టిస్తారా? ఎన్నాళ్ళలో?" ఇలా అయిదే రాయండి. పది రాస్తే ఎవరూ చదవరు. అయిదులో కనీసం రెండు మన సమాజానికి సంబంధం లేనివి ఉండాలని మేం నియమం పెట్టుకున్నాం.

అదే కాగితం, అక్షరం తేడా లేకుండా, అభ్యర్థులందరికీ ఇవ్వాలి. గెలవడనుకున్న స్వతంత్రుడికి కూడా. విచారణ లెటర్‌హెడ్ వాడకండి, గుడిలోనూ గుడి ఆవరణలోనూ పెట్టకండి. కమ్యూనిటీ హాల్లోనో, ఎవరి వసారాలోనో కూర్చోండి. ఇతర మతాల ఇరుగుపొరుగును కూడా పిలవండి, నీళ్ళ సమస్య వాళ్ళదీ కదా. జవాబులు వచ్చినవి వచ్చినట్టు చదివి వినిపించాలి, ఫలానా ఆయనకి వెయ్యండి అన్న మాట ఎవరి నోటా రాకూడదు. జవాబు ఇవ్వనివాళ్ళ పేరు పక్కన 'జవాబు లేదు' అని రాస్తే చాలు. "చూద్దాం", "పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నవీ ఆ లెక్కలోకే వస్తాయి.

మేం ఇచ్చిన కాగితాన్ని ఒకాయన తన మనిషి చేత తెప్పించుకుని మళ్ళీ కనిపించలేదు. ఇంకొకాయన ప్రచారానికి మా వీధిలోకి వచ్చినప్పుడు చిన్నమ్మ అరుగు మీద నుంచి లేవకుండానే అడిగింది: "అయ్యా, మా శ్మశానం ఎన్ని సెంట్లో తెలుసా?" ఆయన తటపటాయించాడు. పక్కనున్నవాళ్ళు ముందుకు నడవమన్నారు. ఆయన ఆగి, "తెలీదమ్మా" అన్నాడు. "పద్నాలుగు. నాలుగు సెంట్లు పక్క చెరువువాళ్ళ గట్టు కింద ఉంది. మా ఆయన్ని పెట్టింది ఆ గట్టు పక్కనే" అంది. ఆయన వెంట ఉన్న కుర్రాడు ఫోనులో సర్వే నంబరు ఎక్కించుకున్నాడు. "ఆరు నెలల్లో కొలిపిస్తాను" అన్నాడు ఆయన. ఆ రాత్రి నోటుబుక్కులో ఆయన పేరు కింద మేం రెండు ముక్కలు రాశాం: తెలీదన్నాడు, ఆరు నెలలన్నాడు.

అయిదింటిలో ఎస్సీ హోదా ప్రశ్నకు ఆయన సూటిగా జవాబివ్వలేదు. ఇంకొక అభ్యర్థి దానికి అవునన్నాడు గానీ చెరువుల విషయం దాటేశాడు. అన్నింటా మనకు నచ్చే మనిషి బ్యాలెట్ మీద ఉండడు. అప్పుడేం చెయ్యాలి? 2004లో కార్డినల్ రాట్జింగర్, తర్వాత బెనెడిక్ట్ పోపు అయినవారు, అమెరికా పీఠాధిపతులకు రాసిన ఒక గమనికలో ఈ తేడా చూపించారు: ఒకరి తప్పు వైఖరి నచ్చి దానికోసమే ఓటు వెయ్యడం వేరు. ఆ తప్పును తప్పనే అనుకుంటూ, దానికి సరితూగేంత బలమైన వేరే కారణాల వల్ల వెయ్యడం వేరు. ఆ కారణాలు నిజంగా అంత బరువైనవేనా అని ఎవరికి వారు దేవుడి ముందు తూచుకోవాలి. నోటా 2013 నుంచి ఉంది. అది కూడా తూచుకున్నాకే నొక్కాలి గానీ విసుగుతో కాదు.

కవరు సంగతి. డబ్బు ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. తీసుకోకండి. ఇంటి పెద్దకి తెలియకుండా కోడలి చేతిలో పెట్టిపోతారు, బైబిలు మీదో బిడ్డ తలమీదో ఒట్టు వేయిస్తారు. ఆ ఒట్టుకు భయపడి వేసిన ఆడవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు తర్వాత ఏడ్చారు. తప్పు పని చేస్తానని పెట్టిన ఒట్టు మనిషిని కట్టెయ్యదు. నమ్మకం కుదరకపోతే పాపసంకీర్తనంలో ఫాదరుగారిని అడగండి. ఈ విషయంలో మాత్రం ఆయన తప్పకుండా చెబుతారు.

మే 13న పోలింగు అయింది. చిన్నమ్మ ఎవరికి వేసిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. జూన్ 4న లెక్కింపు. శ్మశానం కొలిపిస్తానన్నాయనే గెలిచాడు. నోటుబుక్కు బీరువాలో పెట్టేశాను, తర్వాత మర్చిపోయాను కూడా. డిసెంబరు 4 పొద్దున చిన్నమ్మ నన్ను పిలిచి ఆ పుస్తకం తెమ్మంది. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ వెతికి పట్టుకుంది. "ఆరు నెలలు అయిందిరా" అంది, చెప్పులు వేసుకుంటూ.